పదేళ్ల కిందటి వేసెక్టమీ, ఇప్పుడు బిడ్డ కావాలన్న కోరిక: ముందు పరీక్షలు ఎవరికి?

ప్రశ్న: నా వయసు 41. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె, వ్యవసాయం చేస్తాను. ఇద్దరు పిల్లలు పుట్టాక, పదేళ్ల కిందట, నేనే ముందుకు వచ్చి కోత, కుట్టు లేని వేసెక్టమీ చేయించుకున్నాను. నాలుగేళ్ల కిందట నా భార్య అనారోగ్యంతో చనిపోయింది. నిరుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఆపరేషన్ సంగతి సంబంధం మాట్లాడేటప్పుడే చెప్పాను. ఆమెకు 33 ఏళ్లు, ఇదే మొదటి పెళ్లి. నా పిల్లలిద్దరినీ సొంత పిల్లల్లాగే చూసుకుంటోంది గానీ, తన కడుపున ఒక బిడ్డ పుడితే బాగుండునని ఇప్పుడు అడుగుతోంది. ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళితే, పదేళ్లు దాటాక నరం అతికించడం కుదరదు, నేరుగా ఐవీఎఫ్‌కు రండి అన్నారు. మా దగ్గర ఒకాయన మందులతోనే నరం తెరుచుకుంటుందని చెబుతున్నాడు. ఇన్నేళ్లు లోపలే నిలిచిపోయిన వీర్యంతో పుట్టే బిడ్డ ఆరోగ్యంగా ఉంటుందా అని మా అత్తగారు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: పదేళ్లు దాటితే అతికించడం కుదరదన్న మాట నిజం కాదు. కుదురుతుంది, కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతూ వస్తుంది. మీ ముందున్నవి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, కత్తిరించిన నాళాన్ని ఆపరేషన్‌తో తిరిగి కలపడం. రెండోది, వృషణం దగ్గర నుంచి సూదితో వీర్యకణాలను తీసి, ఇక్సీ అనే పద్ధతిలో గర్భం కోసం ప్రయత్నించడం. శరీరం బయట అండాన్నీ వీర్యకణాన్నీ కలిపే ఐవీఎఫ్‌లో ఇక్సీ ఒక రకం. వీటిలో ఏది మీకు తగినదన్నది మీ ఆపరేషన్ జరిగి ఎన్నేళ్లయిందన్న లెక్క కన్నా, మీ శ్రీమతి అండాశయాలు, అండవాహికలు ఎలా ఉన్నాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆమెకు ఇప్పటివరకు ఒక్క పరీక్షయినా జరిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆమెను చూడకుండానే, మిమ్మల్నీ చేతితో పరీక్షించకుండానే ఐవీఎఫ్ అని తేల్చేసి ఉంటే, ఆ సలహాను పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టడమే మంచిది.

మీ అత్తగారి భయానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ సందేహం చదువుకున్న వాళ్లలోనూ ఉంది. మనం వాడుకలో నరం అంటున్నది నరం కాదు, గొట్టం. వృషణంలో తయారైన వీర్యకణాలు, దాన్ని ఆనుకుని మెలికలు మెలికలుగా ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని నాళంలోకి వెళ్లి (సాగదీస్తే అది దాదాపు ఆరు మీటర్ల పొడవు ఉంటుంది), అక్కడ పక్వానికి వచ్చి, ఆ తర్వాత వీర్యనాళం ద్వారా పైకి చేరతాయి. వేసెక్టమీలో కత్తిరించేది ఈ వీర్యనాళాన్నే. అంటే దారి మూసుకుంది గానీ తయారీ ఆగలేదు. ఒక కణం పుట్టి పూర్తిగా తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, పాతబడిన వాటిని శరీరమే కరిగించి తనలో కలుపుకుంటుంది. కాబట్టి పదేళ్ల నాటి కణాలు లోపల నిల్వ ఉండే ప్రసక్తే లేదు. నాళం తిరిగి తెరుచుకున్నాక పుట్టే పిల్లలకు, వేసెక్టమీ కారణంగా అవకరాలు వస్తాయనడానికి ఆధారం లేదు. వృషణాలు రక్తంలోకి వదిలే పురుష హార్మోనుకూ ఈ గొట్టానికీ సంబంధం లేదు గనుక, ఆపరేషన్ వల్ల మగతనం గానీ, పొలం పనికి కావలసిన సత్తువ గానీ తగ్గవు. బయటికి వచ్చే ద్రవంలో వృషణాల వైపు నుంచి వచ్చే భాగం నూటికి ఐదు వంతులకు మించదు, మిగిలినదంతా పైనున్న గ్రంథుల నుంచే వస్తుంది. అందుకే ఆ ద్రవంలో మీకు ఏ తేడా కనిపించి ఉండదు.

మందులతో తెరిపిస్తానన్న ఆయన దగ్గరికి వెళ్లకండి. ముక్క కత్తిరించి, రెండు కొసలూ కట్టేసిన గొట్టం ఏ లేహ్యానికీ, ఏ భస్మానికీ అతుక్కోదు. అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. బలానికని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఎవరైనా ఇస్తామంటే ఒప్పుకోకండి. బయటి నుంచి ఆ హార్మోను అందితే మెదడు వృషణాలకు పంపే ఆజ్ఞను ఆపేస్తుంది, దాంతో ఇప్పటివరకు చక్కగా సాగుతున్న కణాల తయారీ కూడా పడిపోతుంది. ఖైనీ, గుట్కా, సిగరెట్ అలవాట్లు ఉంటే ఈ నెలలోనే మానేయండి.

ఇక పరీక్షలు ఆమెతో మొదలు కావాలి. స్త్రీల వైద్యురాలి దగ్గర ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష, అండాశయాల స్కానింగ్ చేయిస్తే అండాల నిల్వ ఎంత ఉందో ఒక అంచనా వస్తుంది. అండవాహికలు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే పరీక్ష, హెచ్‌ఎస్‌జీ, తప్పకుండా చేయించాలి. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా భర్తకు నాళం కలిపే ఆపరేషన్ చేయించుకుని, ఏడాదిన్నర ఎదురుచూశాక, భార్య అండవాహికలు రెండూ మూసుకుని ఉన్నాయని తెలుసుకున్న జంటలను నేను చూశాను. ఆ ఏడాదిన్నరను ఎవరూ వాళ్లకు తిరిగి ఇవ్వలేరు. వీటితో పాటు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటి నుంచే మొదలుపెట్టించండి.

ఆ తర్వాత మీరు యూరాలజిస్టును కలవండి. ఆయన ముందు చేతితోనే చాలా సంగతులు తెలుసుకుంటారు. వృషణాలు మామూలు పరిమాణంలో, గట్టిగా ఉన్నాయా, ఎపిడిడిమిస్ ఉబ్బి ఉందా, కత్తిరించిన చోట ఎడం ఎంత ఉంది, వృషణం వైపు నాళం ఎంత పొడవు మిగిలింది అన్నవి చూస్తారు. కత్తిరించిన చోట బఠానీ గింజంత గడ్డ చేతికి తగిలితే కంగారు పడకండి. నాళం కొస నుంచి కణాలు కొద్దికొద్దిగా బయటికి ఊరి గట్టిపడిన గడ్డ అది. లోపలి ఒత్తిడి దాని వల్ల కొంత తగ్గి ఉంటుంది కనుక నాళం కలపడానికి అది ఒకరకంగా మంచి సూచనే. చిన్నప్పుడు గిలక ఆపరేషన్, అంటే హెర్నియా ఆపరేషన్ జరిగి ఉంటే ఆ మాట ఆయనకు తప్పక చెప్పండి, ఎందుకంటే అప్పుడు గజ్జల్లో కూడా నాళం దెబ్బతిని ఉండవచ్చు. ఇద్దరు పిల్లల తండ్రి మీరు, కాబట్టి కణాల తయారీ మీద పెద్దగా అనుమానం అక్కర్లేదు. వృషణాలు చిన్నవిగా, మెత్తగా అనిపిస్తేనే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను రక్తపరీక్ష అవసరమవుతుంది.

నాళం కలిపే ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కడ చేయించుకోవాలన్న నిర్ణయం దీన్ని బట్టే ఉంటుంది. వీర్యనాళం పైకి రెండు మూడు మిల్లీమీటర్ల మందంగా కనిపించినా లోపలి రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. అందుకే దీన్ని ఆపరేషన్ మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో, పొరపొరకూ విడివిడిగా కుట్టాలి. మత్తు ఇచ్చాక వృషణం సంచి మీద చిన్న కోత పెట్టి, మచ్చ కట్టిన ముక్కను తీసేసి, వృషణం వైపు కొసను అడ్డంగా కోస్తారు. అప్పుడు ఆ రంధ్రంలోంచి ఒక బొట్టు ఊరుతుంది. ఆ బొట్టును గాజు పలక మీద పెట్టి అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూస్తారు. అది నీళ్లలా తేటగానో, బియ్యం కడిగిన నీళ్లలా పలుచగానో ఉండి అందులో కణాలు కనిపిస్తే, రెండు కొసలనూ నేరుగా కలిపేస్తే సరిపోతుంది. అలా కాక టూత్‌పేస్టులా చిక్కగా వచ్చి, ఎంత వెతికినా కణం కనిపించకపోతే, ఇన్నేళ్ల ఒత్తిడికి లోపల ఎపిడిడిమిస్‌లో కూడా ఎక్కడో నాళం చిట్లి మూసుకుపోయిందని అర్థం. అప్పుడు కింది అడ్డంకిని దాటేసి, వీర్యనాళాన్ని నేరుగా ఎపిడిడిమిస్ గొట్టానికే కలపాలి. అది వీర్యనాళపు రంధ్రం కన్నా సన్నం, దాని గోడ ఇంకా పలుచన. యూరాలజీలో ఇంతకన్నా చేయి తిరగవలసిన కుట్టు పని బహుశా మరొకటి లేదు. పదేళ్లు గడిచిన వాళ్లలో ఒక వైపైనా ఈ అవసరం పడే అవకాశం చెప్పుకోదగినంత ఉంటుంది, అది ఆపరేషన్ బల్ల మీదే గానీ ముందుగా తేలదు.

కాబట్టి సర్జన్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు. మైక్రోస్కోపు కిందే చేస్తారా, అవసరమైతే ఎపిడిడిమిస్‌కు కలిపే పని కూడా మీరే చేస్తారా, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తుంటారు అని మొహమాటపడకుండా అడగండి. మైక్రోస్కోపు లేకుండా, కళ్లద్దాలకు అమర్చే భూతద్దం (లూప్) పెట్టుకుని అరగంటలో కలిపేస్తామన్న చోట ఆగకండి. రెండు వైపులా సరిగ్గా చేస్తే రెండు నుంచి నాలుగు గంటలు పట్టే ఆపరేషన్ ఇది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో, విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రిలో యూరాలజీ విభాగాలు ఉన్నాయి. ముందు అక్కడి ఓపీలో అడిగి చూశాకే ప్రైవేటు వైపు చూడమని నా సలహా. ఓపీలో దీన్ని రీకెనలైజేషన్ అని అడిగితే వెంటనే అర్థం చేసుకుంటారు.

ఫలితాల సంగతికి వస్తే, అమెరికాలో 1,469 మందికి మైక్రోస్కోపు కింద చేసిన ఈ ఆపరేషన్ల లెక్కలను 1991లో ప్రచురించారు. పాతదే అయినా, ఏళ్ల వారీగా విడదీసి చూపినందువల్ల ఇప్పటికీ వైద్యులు దాన్నే ముందు తలుచుకుంటారు. వేసెక్టమీ జరిగి మూడేళ్లు దాటని వాళ్లలో నూటికి 97 మందికి వీర్యంలో కణాలు మళ్లీ కనిపించాయి, 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. మీలాగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లలో ఆ సంఖ్యలు 79, 44. పదిహేనేళ్లు, ఆపైన అయితే 71, 30. ఆసుపత్రుల ప్రకటనల్లో మీకు కనిపించేది ఎప్పుడూ మొదటి సంఖ్యే. మీకు కావలసింది రెండోది. ఆ రెండింటి మధ్య అంత తేడా ఎందుకంటే, కణాలు వచ్చినంత మాత్రాన వాటి సంఖ్య, కదలిక సరిపోకపోవచ్చు. కలిపిన చోట కొన్ని నెలల తర్వాత మచ్చ కట్టి మళ్లీ మూసుకోవచ్చు. కొందరిలో కణాలకు వ్యతిరేకంగా శరీరం తయారు చేసుకున్న ప్రతిరక్షకాలు అడ్డుపడవచ్చు. అన్నిటికన్నా పెద్ద కారణం భార్య వయసు. 44 అన్నది అన్ని వయసుల భార్యలనూ కలిపిన లెక్క కాబట్టి, 33 ఏళ్ల ఆమెకు పరీక్షలన్నీ సవ్యంగా ఉంటే మీ అవకాశం అంతకన్నా కొంత మెరుగనే అనుకోవచ్చు. ఎపిడిడిమిస్‌కు కలపవలసి వస్తే మాత్రం తగ్గుతుంది.

ఇప్పుడు రెండో దారి. ఇందులో మీ వంతు చాలా చిన్నది. స్థానికంగా మత్తు ఇచ్చి, సన్నని సూదితో ఎపిడిడిమిస్ నుంచి గానీ వృషణం నుంచి గానీ కణాలను తీస్తారు. వేసెక్టమీ అయిన వాళ్లలో తయారీ బాగానే ఉంటుంది కనుక కణాలు దొరకకపోవడం అరుదు. అయితే ఇలా తీసిన కణాలు కొద్దిగానే ఉంటాయి, కదలిక కూడా అంతంత మాత్రమే కాబట్టి గర్భసంచిలోకి నేరుగా ఎక్కించే ఐయూఐ పద్ధతికి అవి పనికిరావు. ఎవరైనా అలా చేస్తామంటే వాళ్లకు విషయం తెలియదనుకోవాలి. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపే ఇక్సీ ఒక్కటే మార్గం. ఇది 1992 నుంచి వాడుకలో ఉంది. అసలు బరువంతా మీ శ్రీమతి మీద పడుతుంది. పది పన్నెండు రోజులు వరుసగా ఇంజెక్షన్లు, మధ్య మధ్యలో స్కానింగులు, మత్తు ఇచ్చి అండాలను తీయడం, ఆ తర్వాత పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. అండాశయాలు అతిగా స్పందిస్తే పొట్ట ఉబ్బి, ఒక్కోసారి ఆసుపత్రిలో చేరవలసి రావచ్చు. ఏ లోపమూ లేని మనిషి, భర్త చేయించుకున్న ఆపరేషన్ కారణంగా ఇన్ని సూదులు పొడిపించుకోవలసి రావడం నాకు ఎప్పుడూ కొంచెం అన్యాయంగానే తోస్తుంది. నాళం కలపడం సాధ్యమైన చోట దాన్నే ముందు అడగమని నేను చెప్పడానికి అది కూడా ఒక కారణం.

అలాగని ఇక్సీని తక్కువ చేయడం లేదు. ఆమె ఏఎంహెచ్ బాగా తక్కువగా ఉన్నా, అండవాహికలు మూసుకున్నా, వయసు 37 దాటి ఉన్నా నేనే మిమ్మల్ని నేరుగా అటు పంపేవాణ్ణి. అప్పుడు నాళం కలిపి ఏడాది ఆగే తీరిక ఉండదు. 35 లోపు వయసులో కూడా మొదటిసారి పెట్టిన పిండం నిలవకపోవడం మామూలే కాబట్టి, ఒక్క ప్రయత్నానికి కాక రెండు మూడు ప్రయత్నాలకు డబ్బు, ఓపిక ఉన్నాయో లేదో చూసుకుని దిగాలి. చెప్పిన ప్యాకేజీలో ఇంజెక్షన్ల ఖర్చు, పిండాలను గడ్డకట్టించి దాచే ఖర్చు కలిశాయా లేదా అని రాతపూర్వకంగా అడగండి. కవలలైతే ఒకే ఖర్చుతో అయిపోతుందన్న ఆశతో రెండు మూడు పిండాలు పెట్టించుకోకండి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఖర్చు, బాధ అంతకు ఎన్నో రెట్లు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం ప్రకారం కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. భార్య వయసు 50, భర్త వయసు 55 దాటకూడదు, మీకు ఆ ఇబ్బంది లేదు. వాడేది మీ కణాలే అన్న మాట సమ్మతి పత్రంలో స్పష్టంగా ఉండాలి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోవాలి. మన రాష్ట్రాల్లో కొన్ని కేంద్రాల మీద కేసులు నడుస్తున్న సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం కూడా ఉంది కనుక ఆ వివరమూ అక్కడే కనుక్కోండి.

దాత వీర్యం మీకు అవసరం లేదు, ఎవరైనా చవక అని చెప్పినా ఆ మాట ఎత్తనీయకండి. దత్తత విషయానికి వస్తే, ఇప్పటికే ఇద్దరు పిల్లలున్న దంపతులకు కేంద్ర దత్తత సంస్థ నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, తొందరగా ఇల్లు దొరకని పిల్లలను మాత్రమే ఇస్తారు. అదీ మీ పెళ్లయి రెండేళ్లు నిండాకే. ఆమె కోరిక కూడా తన కడుపున పుట్టే బిడ్డ గురించే కనుక ఆ చర్చ ఇక్కడ పెంచను.

మీ విషయంలో నేను ఇచ్చే సలహా ఇది. ఈ నెలలో ఆమె పరీక్షలు పూర్తి చేయించండి. అవి బాగుంటే, రెండు రకాల కలయికా చేయగల సర్జన్ దగ్గర నాళం కలిపే ఆపరేషన్ చేయించుకోండి. ఆపరేషన్ బల్ల మీద దొరికిన కణాలను గడ్డకట్టించి దాచే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. నాళం మళ్లీ మూసుకుపోయినా ఆ కణాలు ఇక్సీకి పనికొస్తాయి, రెండోసారి సూది పెట్టించుకునే పని ఉండదు. నాళం నేరుగా కలిపితే ఒకటి నుంచి మూడు నెలల్లో వీర్యంలో కణాలు కనిపిస్తాయి, ఎపిడిడిమిస్‌కు కలిపితే ఏడాది వరకు, ఒక్కోసారి అంతకు మించి కూడా పట్టవచ్చు. మొదటి వీర్య పరీక్ష ఆరు వారాలకు, ఆ తర్వాత రెండు మూడు నెలలకొకసారి చేయించండి. కణాలు కనిపించినప్పటి నుంచి ఏడాది పాటు సహజంగా ప్రయత్నించండి. ఆలోగా గర్భం రాకపోయినా, ఆపరేషన్ జరిగి ఏడాదైనా కణాలే కనిపించకపోయినా, ఇంకో ఆరు నెలలు చూద్దామని సాగదీయకుండా ఇక్సీకి వెళ్లండి. అప్పటికి ఆమెకు 35 చుట్టూ ఉంటాయి, ఆ వయసు దాటాక అవకాశాలు వేగంగా తగ్గుతాయి. ఈ గడువును ఇప్పుడే ఇద్దరూ కూర్చుని, ఒక కాగితం మీద తేదీ వేసి పెట్టుకోండి, ఎందుకంటే మధ్యలో ఉన్నప్పుడు ప్రతి నెలా వచ్చే నెల మీద ఆశ పుడుతుంది.

ఆపరేషన్ అయ్యాక లుంగీ కట్టుకుని వదులుగా ఉండాలనిపిస్తుంది గానీ, కొన్ని వారాల పాటు రాత్రీ పగలూ లంగోటా లాంటి బిగుతైన ఆధారం ఉండాలి. మూడు నాలుగు వారాలు సంభోగం వద్దు. యూరియా బస్తాలు ఎత్తడం, గతుకుల బాటల మీద బండి నడపడం కూడా అన్నాళ్లూ మానాలి, కాబట్టి నాట్లకూ కోతలకూ మధ్య తీరిక చూసుకుని తేదీ తీసుకోండి. యూరాలజీ ఓపీకి వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ కాగితం ఉంటే వెతికి పట్టుకెళ్లండి, లేకపోయినా ఫరవాలేదు. మీ శ్రీమతి రిపోర్టులు మాత్రం వెంట ఉండాలి, వీలైతే ఆమె కూడా.